కొట్టారండి అంటే ఒకరా, ఇద్దరా?

కోర్టు ఉద్యోగం నుంచి రిటైరయ్యానని అందరికీ చెప్పుకుంటూ ఉంటాను. నిజానికి రాజీనామా చేశాను. నలభై నిండని మనిషి రాజీనామా అన్నాడంటే ఎదుటివాళ్ళు "ఏం జరిగిందేంటి?" అని కుర్చీ దగ్గరికి లాక్కుంటారు. రిటైరయ్యానంటే "అలాగా" అని ఊరుకుంటారు. ఏమీ జరగలేదు. వేళ్ళు నొప్పెట్టాయి, అంతే. ఇప్పుడు విజయవాడలో చిన్న డీటీపీ కొట్టు పెట్టుకుని పెళ్ళి శుభలేఖలు కొడుతున్నాను. కోర్టు కాగితానికీ శుభలేఖకీ పెద్ద తేడా లేదు. రెండింట్లోనూ ఇరుపక్షాల పేర్లూ, ఒక తేదీ, హాజరు కమ్మని మనవీ ఉంటాయి.

మొన్న కోర్టుల్లో స్టెనోలుగా కొత్తగా సెలెక్టయిన పిల్లలు కొందరు కొట్టుకొచ్చి, "సార్, మీ సర్వీసులో మరిచిపోలేని కేసేదైనా చెప్పండి" అన్నారు. వాళ్ళు ఆశించింది రక్తపాతం. నేను చెప్పింది తెలుగు వ్యాకరణం. పాపం, మొహమాటానికి కూర్చుని విన్నారు. మీరూ అలాగే కానివ్వండి.

తొంభైల చివరి మాట ఇది. ఉయ్యూరు దాటి బందరు వైపు వెళ్తుంటే కాలవ పక్కన ఓ ఊరు. పేరు చెప్పను, ఎందుకంటే అక్కడ అందరికీ అందరూ తెలుసు. అక్కడి కోర్టులో నేను స్టెనో టైపిస్టుని, స్టాఫులోకెల్లా చిన్నవాణ్ణి. మా కోర్టుకు పదేళ్ళ వరకూ శిక్ష వేసే అధికారం ఉండేది. అంతకు మించిన నేరాలు, ముఖ్యంగా హత్యలు, బందరులో జిల్లా కోర్టుకు పోయేవి. మా ఊరి ప్లీడర్లకు ఇది తలవంపులుగా ఉండేది. దొంగతనాలు మనవి, తాగి కొట్టుకున్న కేసులు మనవి, హత్య మాత్రం బందరు వాళ్ళదా?

దాంతో ఉద్యమం లేచింది. మా కోర్టుకూ హత్య కేసులు విచారించే అధికారం ఇవ్వాలని ప్లీడర్లు గేటు ముందు షామియానా వేసి రిలే నిరాహార దీక్షకు కూర్చున్నారు. రిలే దీక్ష అంటే తెలుసుగా, ఒకరికి ఆకలి మొదలయ్యేలోపే ఇంకొకరు వచ్చి కూర్చోవడం. "సాక్షుల కష్టాలు చూడలేకపోతున్నాం" అని మైకులో చెప్పేవారు. పొద్దున్నే లేచి బందరు బస్సు పట్టుకోలేకపోతున్నాం అని మైకు ఆపాక చెప్పుకునేవారు. అయితే మైకులో చెప్పింది కూడా నిజమేనని తరవాత తేలింది. చెప్పినవాళ్ళే ఆశ్చర్యపోయారు.

చివరికి హైకోర్టు నుంచి ఉత్తర్వులు వచ్చాయి. మా కోర్టు అదనపు సెషన్స్ కోర్టయింది. అంటే ఇక మా ఊళ్ళోనే ఉరిశిక్ష దాకా వేయొచ్చు. ఊరు ఊరంతా దానికి స్వీట్లు పంచుకుంది. ఉరిశిక్షకు లడ్డూలు పంచిన ఊరు ఇంకోటి ఉందో లేదో నాకు తెలియదు. భవనం మాత్రం పాతదే, కారే పెంకులూ అవే. బోను కూడా పాతదే. సైకిలు దొంగ ఒక్కడు ఒద్దికగా నిలబడ్డానికి చేసిన బోను అది. కొండపల్లి బొమ్మల కొలువులో పెట్టుకోవచ్చు.

కొత్త జడ్జిగారు వచ్చారు. ఆవిడ వయసు నలభై అయిదు దాకా ఉంటుంది, మనిషి సన్నగా, గొంతు ఇంకా సన్నగా ఉండేది. మొదటి రోజు మా డఫేదారు ఆవిణ్ణి చూసి, "అమ్మగారు గట్టిగా మాట్లాడరేమో బాబూ, మనమే నిశ్శబ్దంగా ఉండాలి" అన్నాడు నాతో. ఆ ఒక్క మాటతో కోర్టులో సగం గోల తగ్గింది. ఇంతకీ డఫేదారంటే జడ్జిగారి ముందు నడిచి, వరండాలోకి వచ్చి పేర్లు పిలిచే బంట్రోతు. ఆయన ముస్లిం పెద్దాయన. ఎర్ర పటకా, ఇత్తడి బిళ్ళ, వాటి వెనక అంతులేని మర్యాద. ఆయనకు ఒకటే జబ్బు: ఎవరి పేరైనా 'గారు' లేకుండా పిలవలేడు. ఆస్తి ఉన్నవాళ్ళ పేర్లయితే మరీనూ.

మొట్టమొదటి హత్య కేసు వచ్చిన రోజు ఆ జబ్బు బయటపడింది.

కేసు చిన్నదే. చివరి మడులకు నీళ్ళందని రోజుల్లో, ఓ పొద్దున చేలకు నీళ్ళు పారే బోదె దగ్గర వంతు కోసం ఇద్దరు రైతులు తగువు పడ్డారు. అందులో ఒకడు పార దెబ్బకు అక్కడే పోయాడు. తలమీద ఒక్కటే దెబ్బ. ముద్దాయిలు మాత్రం ఇద్దరు. మొదటి ముద్దాయి తగువు పడ్డ రెండో రైతు, మోతుబరి, ఊళ్ళో పెద్దమనిషి. రెండో ముద్దాయి ఆయన పాలేరు, ఇరవై రెండేళ్ళవాడు. ఆ సమయంలో ఇద్దరూ అక్కడే ఉన్నారు. దెబ్బ ఎవరిదైనా ఇద్దరూ కలిసే చేశారు అని పోలీసులు కేసు పెట్టారు. అది రుజువైతే ఇద్దరికీ యావజ్జీవం. మోతుబరికి బెయిలు దొరికింది. పాలేరుకు జామీను ఉండేవాళ్ళు లేరు, జైల్లోనే ఉన్నాడు. వాయిదా వచ్చినప్పుడల్లా ఈయన కారులో వచ్చేవాడు, అతను పోలీసులతో బస్సులో వచ్చేవాడు. పాలేరు తల్లి మాత్రం నడిచి వచ్చి వరండాలో నీళ్ళ డ్రమ్ము పక్కన కూర్చునేది.

డఫేదారు వరండాలోకి వెళ్ళి మోతుబరిని ఇంటిపేరుతో సహా 'గారూ' అని రాగం తీసి పిలిచాడు. తరవాత పాలేరు పేరు, ఆవును తోలినట్టు పొట్టిగా పిలిచాడు.

జడ్జిగారు తలెత్తారు. "డఫేదారు గారూ, ఇద్దరూ ముద్దాయిలే కదా?"

"అవునమ్మగారూ."

"అయితే పిలుపు ఒకేలా ఉండాలి. ఇద్దరికీ గారు పెట్టండి, లేదా ఇద్దరికీ తీసేయండి."

పాలేరును గారు అనడానికి ఆయన నోరు రాలేదు. మోతుబరికి తీసేయడానికి ప్రాణం ఒప్పలేదు. చివరికి తీసేశాడు కానీ, మోతుబరి పేరు పిలిచాక 'గారు' ఉండాల్సిన చోట చిన్నగా దగ్గేవాడు. విచారణ సాగినన్నాళ్ళూ ఆ దగ్గు సాగింది. మా బెంచి క్లర్కు ఆయనకు మిరియాల కషాయం తెచ్చిచ్చాడు కూడా, పాపం, నిజం దగ్గనుకుని.

ఇద్దర్నీ బోనెక్కమన్నారు. మోతుబరి ఎక్కాడు. బోను నిండింది. పాలేరు కింద మెట్టు దగ్గరే చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"ఎక్కరా!" అన్నాడు ఎస్కార్టు కానిస్టేబులు.

"బాబుగారున్నారు కదండీ," అన్నాడు.

ఆయన పక్కన సమానంగా నిలబడ్డం అతనికి ఈ జన్మలో అలవాటు లేదు. హత్యానేరం మోపినా సరే, అలవాటు అలవాటే. కానిస్టేబులు నెట్టి ఎక్కించాడు. ఎక్కాక కూడా కడ్డీకి అతుక్కుని, బాబుగారికి తగలకుండా ఊపిరి బిగబట్టాడు.

జడ్జిగారు అభియోగం తెలుగులో చదివి, "మీరు నేరం ఒప్పుకుంటున్నారా?" అని అడిగారు.

"మేం ఒప్పుకోమండి," అన్నాడు మోతుబరి.

"మీ సంగతి రాసుకున్నాను. రెండో ముద్దాయిని అడుగుతున్నాను. మీరు?"

పాలేరు పలకలేదు. మీరు అంటే తనని కాదనుకున్నాడు. కానిస్టేబులు పొడిచాక ఉలిక్కిపడి, "బాబుగారెలా చెబితే అలాగేనండి," అన్నాడు.

కోర్టులో నవ్వులు. నేనూ నవ్వాను, నా ఉద్యోగంలో నవ్వే అవకాశాలు తక్కువ. జడ్జిగారు నవ్వలేదు. ప్రభుత్వ ఖర్చుతో అతని తరఫున నియమించిన కుర్ర ప్లీడరును పిలిచి, "ముందు ఇతనికి, ఈ కేసులో ఇతను వేరు, ఆయన వేరు అని చెప్పండి," అన్నారు. కుర్ర ప్లీడరు చెప్పాడు. పాలేరు తలూపాడు. నమ్మినట్టు మాత్రం కనిపించలేదు.

ఇక అసలు సాక్షి సంగతి. ఆ పొద్దున పక్క చేలో కలుపు తీస్తున్న కూలి మనిషి. యాభై దాటిన ఆవిడ. కళ్ళారా చూసింది ఆవిడొక్కతే. కోర్టు నుంచి కాలవ వంతెన దాటితే ఆవిడ ఇల్లు. బందరైతే రెండు బస్సులు.

ఇక్కడ మా పని గురించి కొంచెం చెప్పక తప్పదు. సాక్షి తెలుగులో చెబుతుంది. జడ్జిగారు విని అప్పటికప్పుడే ఇంగ్లీషులో చెబుతారు. నేను టైపు కొడతాను. అంతా అయ్యాక దాన్ని బెంచి క్లర్కు మళ్ళీ తెలుగులో చదివి సాక్షికి వినిపించి, సరేనంటే వేలిముద్ర వేయించుకోవాలి. చట్టంలో ఉంది. చట్టంలో ఉన్నవన్నీ చేస్తే సాయంత్రం అయిపోతుంది గనక, చాలా చోట్ల క్లర్కు మూగ నోము పట్టినట్టు పెదాలు ఆడించి "విన్నావుగా, వెయ్యి వేలు" అనేవాడు. బందరు వెళ్ళిన మా ఊరి సాక్షులకు తిరుగు బస్సు మీదే ధ్యాస. "నువ్వే చంపావని రాశారమ్మా" అన్నా "అవునండి, బస్సెళ్ళిపోద్దండి" అని వేలు వేసి పరిగెత్తేవారు.

మా జడ్జిగారు మాత్రం ప్రతి సాక్షికీ ప్రతి ముక్కా చదివించేవారు. మా బెంచి క్లర్కు ఈ విషయంలో ఆవిడ మీద లోపల్లోపల కత్తులు నూరేవాడు. "ఈవిడ ఇలా చదివిస్తే నేను పురాణ కాలక్షేపం చేసుకోవచ్చురా, అక్కడైతే కనీసం పళ్ళెంలో పళ్ళు పెడతారు" అనేవాడు.

ఆ రోజు కూలి ఆవిడ ఎదురుగా ఉన్న సాక్షుల బోనులోకి వచ్చింది. పబ్లిక్ ప్రాసిక్యూటరు అడిగాడు, ఏం జరిగిందమ్మా అని.

"బోదె కాడ మాటా మాటా అనుకున్నారండి. నీళ్ళు నావంటే నావన్నారండి. తోసుకున్నారండి. అంతలోకే పారతో కొట్టారండి. కూలిపోయాడండి."

జడ్జిగారు చెప్పారు, నేను కొట్టాను. ఇంగ్లీషులో వాక్యానికి కర్త ఉండి తీరాలి, తెలుగులో లేకపోయినా మనిషి చచ్చిపోతాడు. మాటా మాటా అనుకున్నది 'వాళ్ళు', తోసుకున్నది 'వాళ్ళు', ఆ ఊపులో పారతో కొట్టింది కూడా 'వాళ్ళు' అయింది. నా మిషన్ మీద 'దే' అన్న మాట వరసగా నాలుగుసార్లు పడింది. చూడ్డానికి ముచ్చటగా, ఒకదాని కింద ఒకటి.

మోతుబరి తరఫున విజయవాడ నుంచి పేరుమోసిన సీనియరు ప్లీడరు వచ్చేవారు. ఆయన తెల్లకారు దిగితే మా ప్లీడర్లు లేచి నిలబడేవారు, టీ కొట్టువాడు గ్లాసు మార్చేవాడు. ఆయన క్రాస్ పరీక్షకు లేచి రెండంటే రెండు ప్రశ్నలు అడిగారు. ఎంత దూరంలో ఉన్నావు, తల వంచుకుని కలుపు తీస్తున్నావా లేదా. కూర్చున్నారు. చాలా పొదుపు. తరవాత అర్థమైంది. ఇద్దరు మనుషులు, ఒకటే దెబ్బ, సాక్షి 'వాళ్ళు కొట్టారు' అంది. ఆ దెబ్బ ఎవరిదో సాక్షికే తెలియదని వాదించొచ్చు. కావాలంటే వయసులో ఉన్న పాలేరే కొట్టి ఉంటాడని మెల్లగా అటు తోసేయొచ్చు. తోస్తే అతను పడతాడు. పట్టుకునేవాళ్ళు లేరు. డ్రమ్ము పక్కన కూర్చున్న తల్లి తప్ప.

భోజనాల వేళయింది. చదివి వినిపించడం మధ్యాహ్నానికి పడింది. ఇదే బందరులో అయితే ఈ కథ ఇక్కడితో సరి. ఇక్కడ మాత్రం ఆవిడ వంతెన దాటి ఇంటికెళ్ళి అన్నం తిని, నోట్లో ఆకూవక్కా వేసుకుని తాపీగా తిరిగొచ్చింది. డఫేదారు ఆవిణ్ణి వరండా చివరికి తీసుకెళ్ళి ఉమ్మించి లోపలికి పంపాడు.

బెంచి క్లర్కు కాలక్షేపం మొదలుపెట్టాడు. "బోదె దగ్గర వాళ్ళు మాటా మాటా అనుకున్నారు..."

"ఆఁ."

"వాళ్ళు తోసుకున్నారు..."

"ఆఁ."

"వాళ్ళు అతన్ని పారతో కొట్టారు..."

"వాళ్ళెవరండీ?" అంది ఆవిడ.

క్లర్కు కళ్ళజోడు పైనుంచి చూశాడు. "నువ్వు చెప్పిందేనమ్మా."

"నేనెక్కడ చెప్పానండీ? కొట్టింది బాబుగారండి. వాడెందుకు కొట్టాడండీ! వాడు గట్టు మీద కూకుని 'వద్దు బాబుగారో' అని ఏడుస్తుంటేనూ."

ఇలాంటప్పుడు సినిమాల్లో ఉరుములు వస్తాయి. మాకు కరెంటు పోయింది. ఫాను ఆగింది. సీనియరు ప్లీడరు లేచారు. "యువర్ ఆనర్, ఇది భోజనానికెళ్ళొచ్చి తెచ్చిన మాట. పొద్దున 'వాళ్ళు' అని, ఇప్పుడు ఇలా. దయచేసి గమనించాలి."

ఆ అభ్యంతరం తేలికైంది కాదు. సాక్షి ఇంటికెళ్ళొచ్చి మాట మారిస్తే ఎవరైనా అనుమానిస్తారు. ఇల్లు దగ్గర కావడం మంచిదని అప్పటిదాకా అనుకున్నవాళ్ళం ఒకళ్ళ మొహాలు ఒకళ్ళం చూసుకున్నాం.

జడ్జిగారు నా వైపు చెయ్యి చాపారు. నా దగ్గరున్న కాగితం అడిగి తీసుకుని చూశారు. తరవాత సాక్షిని అడిగారు, "ఏమ్మా, ఆ అబ్బాయి కూడా కొట్టి ఉంటే ఏమని చెప్పేవారు?"

"వాడు కొడితే వాడు కొట్టాడంటానండి."

"కొట్టారు అనరా?"

ఆవిడకు నవ్వొచ్చింది. జడ్జిగారి ముందు నవ్వకూడదని కొంగు అడ్డం పెట్టుకుంది. "వాణ్ణా అండీ? మా ఎనకింటోడండి. ముక్కు చీమిడి తుడిచానండి వాడికి. వాణ్ణి పట్టుకుని కొట్టారు, తిట్టారు అంటే ఊళ్ళో నవ్వరా అండీ!"

జడ్జిగారు సీనియరు ప్లీడరు వైపు తిరిగారు. ఆ సన్నటి గొంతు ఫాను ఆగడం వల్లేమో బాగానే వినబడింది.

"నేను ఇంగ్లీషులో చెప్పేముందు సాక్షి తెలుగులో అన్నది మీరూ విన్నారు. 'వాళ్ళు కొట్టారు' అందా, ఉత్త 'కొట్టారండి' అందా?"

ఆయన ముద్దాయి తరఫు మనిషి. గుర్తులేదండి అంటే సరిపోతుంది. ఎవరూ తప్పు పట్టలేరు. మోతుబరి బోనులోంచి ఆయన వీపు వైపే చూస్తున్నాడు. ఆయన గౌను సర్దుకున్నారు. సర్దుకోవాల్సింది ఏమీ లేదక్కడ.

"వాళ్ళు అనలేదండి," అన్నారు. "కొట్టారండి అని మాత్రమే అంది." అని కూర్చుని మంచినీళ్ళడిగారు.

నేను చాలామంది ప్లీడర్ల గురించి చాలా జోకులు వేశాను. ఆయన మీద వేయడం ఆ రోజుతో మానేశాను. ఆయన కారు మీద వేస్తుంటాను.

జడ్జిగారు నాకు చెప్పడం మొదలుపెట్టారు. టైపు చేసిన మాట చెరిపేయమనలేదు. అది అలాగే ఉంచి, కింద సాక్షి అభ్యంతరం రాయించి, దాని కింద తన మాట రాయించారు. సాక్షి తెలుగులో మర్యాద కోసం వాడిన మాటను, కోర్టు ఇంగ్లీషులోకి మార్చేటప్పుడు ఇద్దరికి వర్తించేలా మార్చింది. పొరపాటు సాక్షిది కాదు, కోర్టుది. తరవాత మోతుబరి ప్లీడరును మళ్ళీ క్రాస్ చేసుకోమన్నారు. ఆయన చేశారు, అటూ ఇటూ బాగానే తిప్పారు. ఆవిడ ఎటు తిప్పినా 'బాబుగారండి' దగ్గరే వచ్చి ఆగింది.

కోర్టు అంటే అక్కడ జడ్జిగారే. మొట్టమొదటి పెద్ద కేసు, బందరు వాళ్ళంతా 'వీళ్ళేం చేస్తారో చూద్దాం' అని చూస్తున్న కేసు. అందులో తన తప్పును తనే చెప్పి, నాలాంటి వాగుడుకాయ చేత టైపు కొట్టించారు. బయటికొచ్చాక డఫేదారు ఇత్తడి బిళ్ళ తుడుచుకుంటూ, "ఇంత అధికారం ఇచ్చింది ఇందుక్కాబోలు బాబూ," అన్నాడు.  

తీర్పు రోజు ఊరంతా వచ్చింది. మా ఊరి మొదటి మర్డర్ కేసు తీర్పు కదా, టీ కొట్టువాడు బెంచీలు అద్దెకు తెచ్చాడు. తీరా జడ్జిగారు, ముందుగా అనుకుని చేసింది కాదు, అప్పటికప్పుడు తగువులో వచ్చిన కోపం గనక ఇది హత్య కంటే ఒక మెట్టు కింది నేరమని తేల్చారు. మోతుబరికి పడిన శిక్ష పదేళ్ళలోపే. అంటే మా పాత కోర్టు కూడా వేయగలిగిందే. ఇన్ని దీక్షలు చేసి, ఇన్ని లడ్డూలు పంచి తెచ్చుకున్న అధికారం చివరికి మొదటి కేసులోనే వాడకుండా పక్కన పెట్టారని ప్లీడర్లు కొందరు చిన్నబుచ్చుకున్నారు. బెంచీలు తిరిగి వెళ్ళిపోయాయి.

అయితే దానికి ముందు ఒకటి జరిగింది. నా కథ అదే.

శిక్ష సంగతికి వచ్చేముందు జడ్జిగారు రెండో ముద్దాయి గురించి చదివారు. చదివి, కాగితం కింద పెట్టి, తెలుగులో అన్నారు: "మీ మీద నేరం రుజువు కాలేదు. మీరు వెళ్ళవచ్చు."

పాలేరు వెంటనే కదిలాడు. బోను తలుపు గడియ తీశాడు. తీసి, పక్కకు జరిగి, తలుపు పట్టుకుని వంగి నిలబడ్డాడు, బాబుగారు ముందు దిగడానికి దారి ఇస్తూ.

 మోతుబరి తల దించుకున్నాడు. ఆయన కదలకపోయేసరికి పాలేరుకు ఏం చేయాలో తోచలేదు. తలుపు పట్టుకుని అలాగే ఉన్నాడు.

డఫేదారు బోను దగ్గరికి నడిచాడు. ఓసారి దగ్గాడు. ఈసారి నిజం దగ్గే. తరవాత అతని పేరు పిలిచాడు, ఇంటిపేరుతో సహా, చివర గారు పెట్టి. "మిమ్మల్నేనండి," అన్నాడు. "మీరు వెళ్ళొచ్చు."

పాలేరు వెనక్కి తిరిగి చూశాడు, తన వెనక ఎవరున్నారా అని. వెనక వెల్ల వెలిసిన గోడ ఒక్కటే ఉంది. గోడను ఎవరూ మీరు అనరు కదా అని తోచిందేమో, అప్పుడు మెట్టు దిగాడు.